కొండబాటే... పరుగుబాట!

అరకు అంటే అద్దాల రైలు, బొర్రా గుహలు, బొంగు చికెన్... ఇంతేనా? లోయ చుట్టూ కొండల మీద సన్నని కాలిబాటలు వందలున్నాయి. తెల్లారకముందే బూట్లు బిగించి వాటి మీద పరుగు తీయాలనుకునేవాళ్లకు అవి స్వర్గం. తరతరాలుగా వాటి మీదే నడుస్తున్నవాళ్లకు మాత్రం అవి బతుకుదారులు. ఈ రెండు కథలూ కలిసే చోటికి వెళ్దాం పదండి!

తారు లేదు. మైలురాయి లేదు. బోర్డు అసలే లేదు. ఉన్నదల్లా రెండు పాదాలు పట్టేంత ఎర్రమట్టి దారి. ఒకపక్క సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడన కాఫీ మొక్కలు. మరోపక్క మెట్లుమెట్లుగా లోయలోకి దిగిపోయే వరిమళ్లు. మలుపు తిరగ్గానే కొండవాలంతా పసుపు పరిచినట్టు వలిసె పూలు. ఇంకాస్త ముందుకెళ్తే గలగలమంటూ ఓ గెడ్డ. దాని మీద వంతెన ఉండదు... రాళ్ల మీద అడుగులేసి దాటాల్సిందే.

ఇలాంటి దారిలో నడిస్తే ట్రెక్కింగ్. అదే పరుగు పెడితే... ట్రెయిల్ రన్నింగ్! నగరాల్లో మారథాన్లు మామూలైపోయాక పరుగు ప్రియుల చూపు ఇప్పుడు అడవిబాటల మీద పడుతోంది. మన రాష్ట్రంలో అందుకు అరకు, పాడేరు కొండల్ని మించిన చోటు మరొకటి దొరకడం కష్టమే.

పరుగే... కానీ లెక్క వేరు!

కొండ ఎక్కడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కేస్తాం. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ లక్షలమంది చేస్తారు. అయితే మొక్కుకు తొందర ఉండదు. ట్రెయిల్ రన్నింగ్‌లో గడియారం వెంట ఉంటుంది.

ఈ ఆటకు ప్రపంచంలో పెద్ద పండుగ యూటీఎంబీ. ఆల్ప్స్ పర్వతాల్లో మౌంట్ బ్లాంక్ చుట్టూ ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మీదుగా సుమారు 170 కిలోమీటర్లు పరుగెత్తాలి. అందులో ఎక్కుడు మొత్తం కలిపితే దాదాపు పదివేల మీటర్లు! 2003లో మొదలైన ఈ పోటీ తర్వాతే కొండల మీద పరుగుకు ఇంత పేరొచ్చింది. మన దేశంలో కర్ణాటక కాఫీ తోటల మధ్య జరిగే మల్నాడ్ అల్ట్రా ఈ కోవలోదే. కాఫీ, కొండ, మంచు... ఈ మూడూ అరకులోనూ ఉన్నాయి. 2025లో అధికారులు నిర్వహించిన అరకు చలి ఉత్సవంలో పరుగుకూ చోటిచ్చారు.

ఇక్కడో చిన్న లెక్క తెలుసుకోవాలి. రోడ్డు మీద పది కిలోమీటర్లు అంటే పదే. కొండ మీద అలా కాదు. వంద మీటర్ల ఎత్తు ఎక్కితే చదునునేల మీద అదనంగా ఓ కిలోమీటరు పరుగెత్తినట్టే అని అంతర్జాతీయ ట్రెయిల్ రన్నింగ్ సంఘం లెక్క కడుతుంది. అంటే పది కిలోమీటర్ల దారిలో అయిదొందల మీటర్ల ఎక్కుడుంటే మీ కాళ్లకు అది పదిహేను కిలోమీటర్ల పని!

అందుకే నిటారు దారుల్లో ఆరితేరినవాళ్లు కూడా పరుగాపి నడుస్తారు. చేతులు తొడల మీద ఆనించి, ముందుకు వంగి, చిన్నచిన్న అడుగులతో. అందులో నామోషీ ఏమీ లేదు. నిజానికి ఒంటిని దెబ్బతీసేది ఎక్కుడు కాదు, దిగుడు. దిగేటప్పుడు తొడ కండరం ఒకపక్క సాగుతూనే మరోపక్క బరువును ఆపాలి. మర్నాడు ఉదయం మంచం దిగలేక మూలిగేది అందుకే.

సముద్రం నుంచి మబ్బుల దాకా

విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలోనే సముద్రమట్టం నుంచి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరిపోతాం. కొత్తవలస-కిరండూల్ రైలుమార్గాన్ని చూస్తే ఆ ఎత్తు ఏపాటిదో తెలుస్తుంది. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన లైను ఇది. కొండను తొలుచుకుంటూ, లోయల్ని దాటుకుంటూ పదులకొద్దీ సొరంగాలు, వంతెనల మీదుగా పైకెక్కుతుంది. షిమిలిగుడ స్టేషన్ దగ్గర బోర్డు మీద ఎత్తు 996 మీటర్లకు పైమాటే. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తైనది ఇదేనని చెప్పుకునేవారు.

పాడేరు వైపు వెళ్తే కొండలు ఇంకా పెరుగుతాయి. ఆ ప్రాంతంలోని అర్మకొండ ఎత్తు సుమారు 1,680 మీటర్లు. ఇక్కడ పరుగెత్తేవాళ్లకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఎత్తు వల్ల గాలి చాలక కళ్లు తిరగడం లాంటి ఇబ్బంది సాధారణంగా రెండున్నర వేల మీటర్లు దాటాకే మొదలవుతుంది. అరకు ఆ గీతకు చాలా కిందే ఉంది. చల్లదనం ఉంటుంది, ఆయాసం మాత్రం మన సాధన లోపమే!

ఈ కొండలు రెండు నదులకు నీళ్లు పంచుతాయి. అనంతగిరి వైపు పుట్టిన గోస్తనీ బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి జలాశయం నింపి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖ నగరం తాగే నీళ్లలో తాటిపూడి వాటా ఉంది. అరకు లోయలో కురిసిన వాన మాత్రం అటు మాచ్‌ఖండ్‌లోకి, అక్కణ్నుంచి సీలేరు, శబరిల మీదుగా గోదావరికి వెళ్తుంది. కాలిబాట పక్కన మనం విసిరిన ప్లాస్టిక్ సీసా ఎటు కొట్టుకుపోయినా చేరేది మనవాళ్ల గొంతు దగ్గరికే!

ఎటు పరుగెడదాం?

ముందే ఒక మాట. ఇక్కడ ఎవరూ రంగు గుర్తులు వేసి, దూరాలు రాసి పెట్టిన పరుగుబాటలు లేవు. ఉన్నవన్నీ ఊళ్లను, పొలాలను, సంతలను కలిపే దారులే. వాటిలో కొత్తవాళ్లు మొదలుపెట్టడానికి అనువైనవి కొన్ని...

పద్మాపురం - రణజిల్లెడ: అరకు ఊరి పక్కనే పద్మాపురం ఉద్యానవనం. అక్కణ్నుంచి పల్లెల మీదుగా రణజిల్లెడ జలపాతం వైపు వెళ్తే వరిమళ్లు, పశువుల దారులు, మధ్యమధ్యలో గూడేలు. ఎత్తుపల్లాలు తక్కువ. మొదటిరోజు కాళ్లు సాగదీసుకోవడానికి చాలు.

మాడగడ: అరకుకు దగ్గర్లోనే ఉన్న ఈ కొండమీదికి తెల్లవారుజామునే చేరుకోవాలి. లోయ నిండా పాలనురగలా మబ్బు, దాని మీదినుంచి పైకొచ్చే సూర్యుడు. చీకట్లో ఎక్కుతారు కాబట్టి తలకు కట్టుకునే లైటు తప్పనిసరి. పర్యాటకుల జీపులు కూడా తిరిగే దారి. అవి బయల్దేరకముందే పైకెక్కితే దుమ్ము తప్పుతుంది.

సుంకరిమెట్ట - గాలికొండ: కాఫీ తోటల సీమ ఇది. ఇక్కడి అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తోటల మధ్య దారులు నీడగా, మెత్తగా ఉంటాయి. రాలిన ఆకులు పాదానికి పరుపులా తగులుతాయి. కానీ ఆ ఆకుల కిందే రాయి, వేరు దాక్కుంటాయి. నవంబరు నుంచి పళ్ల కోత మొదలవుతుంది. బుట్టలతో కూలీలు ఎదురైతే దారి వాళ్లది. పక్కకు తప్పుకోవాల్సింది మనమే.

చాపరాయి: అరకు నుంచి పాడేరు వెళ్లే దారిలో, డుంబ్రిగుడ దగ్గర. చదునైన పెద్ద రాతిపలక మీద నీళ్లు జారుతుంటాయి. ఊళ్లోంచి ఊళ్లోకి పాక్కుంటూ వెళ్లే దారుల్లో ఇక్కడిదాకా పరుగెత్తి, చల్లటి నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చుంటే... ఆ సుఖమే వేరు. కానీ రాయి పాచి పట్టి ఉంటుంది. నీళ్లలో పరుగు సాహసాలు వద్దేవద్దు.

వంజంగి: పాడేరు పక్కనే ఉన్న మేఘాల కొండ. కొన్నేళ్లలోనే పేరు మార్మోగిపోయింది. ఎక్కుడు నిలువుగా ఉంటుంది. సెలవురోజుల్లో తిరనాళ్లను తలపించే జనం. పరుగుకు వెళ్లేవాళ్లు మామూలు పనిదినాల్ని ఎంచుకోవడం మేలు.

ఒక హెచ్చరిక. బొర్రా చుట్టుపక్కల రైలు పట్టాల మీదుగా, సొరంగాల్లోంచి అడ్డదారులు వెతకొద్దు. ఖనిజం రైళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు. పట్టాల మీద నడవడం నేరం కూడా.

దూరం ఎంత అని అడిగితే...

ఈ కొండల్లో కొత్తవాళ్లకు ఎదురయ్యే తమాషా ఒకటుంది. ఎదురొచ్చిన పెద్దాయన్ని 'ఆ ఊరెంత దూరం తాతా?' అని అడుగుతాం. 'దగ్గరే బాబూ... ఆ కొండ దాటితే వచ్చేస్తాది' అంటాడు. ఆ 'దగ్గర' మనకు రెండు గంటలు పడుతుంది. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన కాళ్లకు అది దగ్గరే!

నెత్తిన కట్టెలమోపు, భుజాన కావడి, చంకన బిడ్డ... వీటితో కొండ ఎక్కిదిగేవాళ్ల వేగాన్ని జీపీఎస్ గడియారం ఎప్పుడూ కొలవలేదు. మెక్సికోలో రరామురి అనే ఆదివాసుల సంగతి ప్రపంచానికి తెలియడానికీ ఓ పోటీయే కారణం. 1993లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం లెడ్‌విల్‌లో వంద మైళ్ల పరుగు జరిగింది. గెలిచింది ఎవరో తెలుసా? విక్టోరియానో చురో అనే రరామురి రైతు. వయసు 55. కాళ్లకు టైరు ముక్కలతో చేసిన చెప్పులు! కొండల్లో పుట్టి, కొండల్లో నడిచిన ఒళ్లు అది.

మన మన్యంలోనూ కాలినడక చరిత్రను మార్చిన రోజులున్నాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి... వరసగా మూడురోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసి ఆయుధాలు పట్టుకుపోయింది. మధ్యలో ఉన్నవన్నీ కొండలే. దారులు తెలిసినవాళ్లే చేయగలిగిన పని అది. ఆ తిరుగుబాటుకు ఒక కారణం కూడా దారే! అడవి మీద ఆంక్షలకు తోడు, ఘాట్ రోడ్డు పనికి గిరిజనుల్ని తోలుకెళ్లి, కూలి సరిగా ఇవ్వకుండా చాకిరీ చేయించుకోవడం వాళ్లను రగిలించింది. ఎవరి కోసమో వేసిన రోడ్డుకు వాళ్లు చెమట ధారపోశారు. ఆ వీరుడి పేరుతోనే 2022లో పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది.

అదే దారిలో... డోలీ!

మనం సరదాగా పరుగెత్తే దారిలోనే ఒక్కోసారి మరో దృశ్యం ఎదురవుతుంది. పొడవాటి కర్ర. దానికి ఉయ్యాలలా కట్టిన దుప్పటి. అందులో పురిటినొప్పులు పడుతున్న గర్భిణి. అటూఇటూ కర్ర మోస్తూ నలుగురు. వంతులవారీగా భుజం మార్చుకుంటూ, రాళ్లూ గెడ్డలూ దాటుకుంటూ అంబులెన్స్ ఆగి ఉన్న రోడ్డు దాకా వాళ్లు పరుగులాంటి నడకతో వెళ్తారు. అదే డోలీ. వానాకాలంలో గెడ్డ పొంగితే అదీ ఆగిపోతుంది. పత్రికల్లో ఈ ఫొటోలు మనం ఏటా చూస్తూనే ఉన్నాం.

మనకు దారి ఎంత ఇరుకుగా, ఎంత ఏటవాలుగా ఉంటే అంత మజా. ఆ గర్భిణికి ప్రతి మలుపూ ఒక గండం. మనకు 'ట్రెయిల్' అయినదే వాళ్లకు రోడ్డు లేకపోవడం!

పరిస్థితి మార్చే ప్రయత్నాలు జరగలేదని కాదు. పెద్ద అంబులెన్స్ వెళ్లలేని చోట్లకు 2018లో బైకు అంబులెన్సులు తెచ్చారు. నెలలు నిండినవాళ్లు ముందే వచ్చి ఉండేందుకు గర్భిణుల వసతిగృహాలు పెట్టారు. పోర్జ, గదబ, ఖోండ్ లాంటి బాగా వెనకబడిన తెగల ఆవాసాలకు రోడ్లు, ఇళ్లు సమకూర్చేందుకు కేంద్రం 2023లో పీఎం జన్‌మన్ పథకాన్ని ప్రారంభించింది. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో 'అడవితల్లి బాట' పేరిట రాష్ట్ర ప్రభుత్వం గిరిజన గ్రామాల రోడ్లకు శ్రీకారం చుట్టింది. వెయ్యి కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో వెయ్యికి పైగా కిలోమీటర్ల రోడ్లు వేయాలన్నది లక్ష్యం.

ఆ రోడ్లన్నీ పూర్తయితే కొన్ని చక్కటి కాలిబాటలు తారు కింద పడి మాయమవుతాయి. పరుగు ప్రియులకు కాస్త బెంగగానే ఉండొచ్చు. ఊళ్లో మాత్రం ఒక్కరూ బెంగపడరు. పడాల్సిన పనీ లేదు. కాఫీ తోటల్లోనూ, కొండ భుజాల మీదా మిగిలే దారులు మనకు చాలు.

ఎవరి కొండ? ఎవరి లాభం?

అరకు, పాడేరు ఏజెన్సీ ప్రాంతం. రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద ఉంది. 1/70 చట్టం ప్రకారం ఇక్కడి భూమిని గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు. బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద నడిచిన 'సమత' కేసులో 1997లో సుప్రీంకోర్టు చారిత్రక తీర్పు ఇచ్చిందీ ఈ కొండల గురించే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూముల్ని ప్రైవేటు సంస్థలకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు, 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిని నమ్ముకున్న కుటుంబాలకు అధికారాలిచ్చాయి.

పరుగుకూ వీటికీ సంబంధం ఏంటంటారా? ఉంది. రేపు ఏ సంస్థో వచ్చి వందలమందితో పోటీ పెడితే, వాళ్లు తొక్కేది గూడెం పొలంగట్లనే. రంగు రిబ్బన్లు కట్టేది వాళ్ల చెట్లకే. నీళ్లు తాగేది వాళ్ల ఊటబావిలోనే. ప్రవేశ రుసుము మాత్రం నగరానికి పోతే అది న్యాయం అనిపించుకోదు. ముందు గ్రామసభను అడగాలి. దారి చూపినవాళ్లకు, వండిపెట్టినవాళ్లకు, బస ఇచ్చినవాళ్లకు వాటా దక్కాలి. ఇది జరగని పనేం కాదు. మారేడుమిల్లి అడవుల్లో వన సంరక్షణ సమితి సభ్యులే పర్యాటకుల బస చూసుకుంటున్నారు.

వంజంగి మరో పాఠం. పేరొచ్చిన కొద్దీ ప్లాస్టిక్ పెరిగింది. వేలమంది ఎక్కే కొండ మీద సీసాలు ఏరుకోవాల్సిన పని ఆ ఊరివాళ్లకు పడింది. అందం చూసేది మనం, చెత్త ఎత్తేది వాళ్లు. ఈ లెక్క మారాలి.

బయల్దేరే ముందు...

• అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచికాలం. వలిసె పూలు చలికాలం మొదట్లో విచ్చుకుంటాయి. డిసెంబరు, జనవరిల్లో పొగమంచు వల్ల నాలుగడుగుల ముందు కనిపించదు. వెలుతురు వచ్చాకే దిగడం మొదలుపెట్టండి.

• వానాకాలం వద్దు. కొండచరియలు విరుగుతాయి, గెడ్డలు ఉన్నట్టుండి పొంగుతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఈ కాఫీ తోటల్ని ఎలా నేలమట్టం చేసిందో ఇక్కడివాళ్లు ఇంకా మర్చిపోలేదు.

• ఒంటరిగా వెళ్లొద్దు. స్థానికుల్లో ఒకర్ని వెంట తీసుకెళ్లండి, రోజుకూలి ముందే మాట్లాడుకోండి. చాలా గూడేల్లో ఆదివాసీ ఒడియా, కువి మాట్లాడతారు. తెలుగు మాత్రమే వచ్చిన మనకు ఆయనే నోరు, ఆయనే దారి.

• బస చేసిన చోట, దగ్గర్లోని పోలీసు స్టేషన్లో వెళ్లే దారి, తిరిగొచ్చే వేళ చెప్పి వెళ్లండి. గంజాయి ముఠాల బెడద ఉన్న ప్రాంతం. కొత్త ముఖాలు అడవిలో పరుగెడుతుంటే అనుమానం రావడం సహజం.

• ఫోను సిగ్నల్ మీద భరోసా వద్దు. మ్యాపును ముందే ఫోనులో భద్రపరుచుకోండి.

• పట్టు ఉన్న అడుగుభాగంతో బూట్లు, మోకాళ్లు కప్పే దుస్తులు, విజిల్, కట్టుకట్టే గుడ్డ, ఉప్పు-పంచదార పొట్లాలు సంచిలో ఉండాలి. గంటకు అరలీటరు చొప్పున నీళ్లు లెక్కేసుకోండి. ఊళ్లో చోడి అంబలి పోస్తే కాదనకండి. అంతకు మించిన శక్తి పానీయం లేదు!

• మలేరియా ఉన్న ప్రాంతం. రాత్రి బసలో దోమతెర వాడండి. ఇంటికెళ్లాక కొన్ని వారాల్లోపు జ్వరమొస్తే ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకు తప్పక చెప్పండి.

• చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది. మగవాళ్లు అడవికి వేటకు వెళ్తారు. ఆడవాళ్లు దారికి కర్ర అడ్డంపెట్టి పండుగ డబ్బులు అడుగుతారు. నవ్వుతూ ఇచ్చి ముందుకెళ్లండి. ఆ రోజుల్లో అడవి లోపలి దారులు మాత్రం మానుకోవాలి.

• ఇళ్ల ముందు, కళ్లాల్లో ఆరబోసిన గింజల మీదుగా పరుగు వద్దు. ఫొటో తీసే ముందు అడగండి. పిల్లలకు చాక్లెట్లు, డబ్బులు పంచొద్దు. ఏదైనా ఇవ్వాలనిపిస్తే బడిలో టీచరు చేతికివ్వండి.

• ఆఖరిది, ముఖ్యమైనది... ఎదురుగా డోలీ వస్తే ఆగండి. దారివ్వండి. మోసేవాళ్లు అలిసిపోయి ఉంటే ఓ భుజం కలపండి. ఆ రోజు మీ గడియారంలో సమయం కాస్త పెరిగితే పెరగనివ్వండి. ఆ కొండల్లో అంతకన్నా గొప్ప పరుగు ఇంకోటి ఉండదు.